గెర్ట్రూడ్ టీచరమ్మ పేరు

ముసురు పట్టిన రోజుల్లో నాయుడుపేట గ్రంథాలయంలో పాత బీరువా తలుపు తీస్తే కలరా ఉండల వాసన, చెమ్మ పట్టిన కాగితం వాసన కలిసి ముక్కుకు కొడతాయి. మొన్న ఆ వాసన తగలగానే గెర్ట్రూడ్ టీచరమ్మ నా పక్కనే నిలబడినట్టనిపించింది. పదో తరగతి తప్పి, ఫ్యాన్లూ మిక్సీలూ బాగుచేసే పని నేర్చుకుంటున్న నన్ను మొదటిసారి అక్కడికి తీసుకుపోయింది ఆమే. చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించిన టీచరు, మా వీధి మనిషి. "వాసనకి వెనక్కి పోబాక పెంచలయ్యా, లోపలేముందో చూడు. నువ్వు తప్పింది పరీక్ష. చదవడం ఎవురూ తప్పించలేదు గదా" అంది. ఆ మాట పట్టుకుని ఆ బీరువాలన్నీ చదువుకుంటూ వచ్చాను. ఇంగ్లీషు పుస్తకాలు కూడా కూడబలుక్కుని చదివాను. నాకున్న చదువంతా అక్కడిదే, అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

మా వైపు ఒకప్పుడు జర్మనీ దొరలు వచ్చి చర్చిలు కట్టారు, బళ్లు పెట్టారు. బాప్తిస్మం ఇచ్చిన బిడ్డలకు తమ దేశపు పేర్లు పెట్టారు. దొరలు పోయారు గాని పేర్లు మిగిలాయి. తాత పేరు మనవడికి, అవ్వ పేరు మనవరాలికి పెట్టడం ఆ కుటుంబాల్లో ఆచారం. అందుకే ఈనాటికీ మా బజార్లో లుద్విగ్ అనే ఆటో డ్రైవరూ, హిల్డగార్డ్ అనే నర్సూ కనబడతారు. వాళ్లంతా అవి వేదగ్రంథంలోని, అంటే బైబిల్లోని, పేర్లేననుకునేవాళ్లు. టీచరమ్మ కూడా అలాగే అనుకుంది. బళ్లో పిల్లలం ఆమెను చాటుగా 'గట్టిరోడ్డు' అనేవాళ్లం. ఒకరోజు ఆ మాట ఆమె చెవిన పడింది. "గట్టిదేరా, ఒక్క గుంత లేదు. గుంతలన్నీ మీ ఎక్కాల్లో ఉండాయి" అంది.

ఆమెకు గుండె జబ్బు ముదిరిన సంవత్సరమే కొడుక్కి ఆడపిల్ల పుట్టింది. తన పేరు ఆ బిడ్డకు పెట్టాలని ఆమె కోరిక. తన అవ్వ నుంచి తనకు వచ్చిన పేరు తనతో ఆగిపోకూడదని ఆమె ఆరాటం. అయితే కొత్తగా వచ్చిన పాస్టరు గారు, "వేదంలో ఈ పేరు ఎక్కడుందమ్మా?" అని మెల్లగా అడిగారు. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని మొదటి నుంచీ వెతికింది. ఎక్కడా లేదు. అప్పుడు నన్ను పిలిచింది. "నీ బీరువాల్లో చూడబ్బా. మంచి అర్థముంటే అయ్యగారు కాదనరు."

పేర్ల పుట్టుక గురించిన లావు పుస్తకం ఒకటి దొరికింది. పాతకాలపు జర్మన్ పేర్లు చాలావరకు రెండు ముక్కలట. తండ్రి పేరులోంచి ఒక ముక్క, తల్లి వైపు పేరులోంచి ఒక ముక్క తీసి బిడ్డకు కలిపి పెట్టేవారట. రెండూ కలిస్తే ఏం అర్థం వస్తుందని పెద్దగా చూసుకునేవారు కాదట. లుద్విగ్‌లో కీర్తి, యుద్ధం ఉన్నాయి. హిల్డగార్డ్‌లో యుద్ధం, రక్షణ ఉన్నాయి. గెర్ట్రూడ్ దగ్గరికి వచ్చేసరికి నా సంతోషం చల్లారిపోయింది.

ఆమె వరండాలో పడకకుర్చీలో ఉంది. కోడలు సునీత ఆ పక్కనే బిడ్డను కాళ్ల మీద వేసుకుని నూనె రాస్తోంది.

"దొరికిందమ్మా. బలం అని అర్థం" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. మళ్లీ నావైపే చూసింది. "అంత పొడుగు పేరుకి ఇంతేనా? మింగబాక పెంచలయ్యా. మిగతాది చెప్పు."

"రెండు ముక్కలమ్మా. వెనకది బలం. ముందుది ఈటె."

మాది వేరే మతమైనా, ఏటా శుభ శుక్రవారం ఆమె వెంట చర్చికి వెళ్లి కూర్చునేవాణ్ణి. వాళ్ల కథలో ఈటె ఎక్కడ వస్తుందో నాకు తెలుసు. సిలువ మీద ప్రాణం విడిచిన ప్రభువు పక్కలో సైనికుడు దించింది దాన్నే. ఆ గాయాన్ని తలుచుకుని ఉపవాసముండి ఏడ్చే మనిషి ఆమె.

"ఇన్నేళ్లూ నేను మోసింది దాన్నా" అంది. మళ్లీ తనే అంది, "మా అవ్వకి పేరు పెట్టిన దొరసానికి, వాళ్ల అక్క చనిపోయిందని ఆ వారమే కబురొచ్చిందంట. సముద్రం అవతల చావు, పోనూ లేదు, చూడనూ లేదు. ఏడస్తానే బిడ్డకి అక్క పేరు పెట్టిందంట. అప్పుడామెకి ఈటె గుర్తుకొచ్చుంటుందా?"

"వచ్చుండదమ్మా."

"నువ్వు మీ అమ్మ పెంచలకోన స్వామికి మొక్కుకుంటే పుట్టినావు. నీ పేరు సంగతి అడిగితే ఆమె ఏం చెప్తుంది?"

"మొక్కు సంగతే చెప్తుంది."

పాస్టరు గారు వచ్చినప్పుడు మొత్తం నాచేతే చెప్పించింది. ఆయన ఇబ్బందిపడ్డారు. "ప్రభువును పొడిచింది గదమ్మా అది. పసిబిడ్డకెందుకు?"

"పొడిచింది అయ్యగారూ. ఆ గాయంలోంచే గదా రక్తమూ నీళ్లూ వచ్చినాయి. రేపు మీరు బిడ్డ తలమీద పోసే నీళ్లు ఎక్కడివి?"

ఆయన తల ఊపారు. "నాకు అభ్యంతరం లేదమ్మా. తల్లిని కూడా అడగండి" అన్నారు.

సునీత ఎప్పటినుంచో షారోన్ అని మనసులో పెట్టుకుంది. "మీ పేరుకి నోరు తిరగదత్తమ్మా. బళ్లో ఏడిపిస్తారు" అంది.

"ఏడిపిస్తారు. నన్నూ ఏడిపించినారు. బిడ్డ నీది, నీ ఇష్టం" అంది టీచరమ్మ. ఆ తర్వాత ఆ ప్రస్తావన తేలేదు. బిడ్డను 'పాపా' అని మాత్రం పిలిచేది. అడగకుండా ఉండడానికి ఆమె ఎంత ఓర్చుకుంటోందో చూసేవాళ్లకు తెలిసేది.

బాప్తిస్మం నాడు ఆమెను కుర్చీతో సహా చర్చిలోకి మోసుకెళ్లాం. పాస్టరు గారు బిడ్డను చేతుల్లోకి తీసుకుని, "ఈ బిడ్డ పేరేమి?" అని అడిగారు. సునీత గొంతు సవరించుకుంది.

"గెర్ట్రూడ్ షారోన్."

మొదటి పేరు ఎక్కడా తడబడకుండా పలికింది. ఇంట్లో ఎవరూ వినకుండా ఎన్నిసార్లు అనుకుని ఉంటుందో. టీచరమ్మ ఏడవలేదు. కొంగు తలమీదికి లాక్కుని కళ్లు మూసుకుంది. ఎండలు ముదరకముందే ఆమె పోయింది.

ఇప్పటికీ అలాంటి పేరు వింటే దాని ముక్కలు విడదీసి చెప్పాలని నా నాలుక దురద పెడుతుంది. ఆమె వల్ల ఆగుతాను. ముందు ఎవరి పేరని అడుగుతాను. పుస్తకంలో లేనిది ఆ మనిషి దగ్గరే ఉంటుంది. ఈమధ్య గూడూరు నుంచి బెర్నార్డ్ అనే ముసలాయన టేబుల్ ఫ్యాను బాగుచేయమని తెచ్చాడు.

"ఎవరి పేరు పెద్దాయనా నీకు పెట్టింది?"

"మా తాతది. ఆయనకి పెట్టిన దొరకి అదే పేరుతో కొడుకుండేవాడంట. ఇక్కడే జరమొచ్చి పోయినాడు, నడక రాకముందే." కాసేపాగి, "అర్థమేందో నీకు తెలుసునా?" అన్నాడు.

అడిగాడు గనక చెప్పాను, ఎలుగుబంటి అంత దృఢమైనవాడు అని.

"ఆ పసిబిడ్డకా" అన్నాడాయన.

నేను చేతిలో స్క్రూడ్రైవరు పక్కన పెట్టాను.