ఏడో నంబరు బొమ్మ

ఫిల్మ్ నగర్‌లో శ్యామలాదేవి ఇల్లెక్కడ అని అడిగితే పక్క వీధివాళ్లు కూడా చెప్పలేరు గానీ, ఆవిడ ఏడుపు వినని తెలుగువాడు మాత్రం ఉండడు. ముప్ఫయ్యేళ్లు డబ్బింగ్ చెప్పింది. ఎక్కువగా తల్లి వేషాలకి. కొడుకు జైలుకెళ్తే ఏడవాలి, కూతురు లేచిపోతే ఏడవాలి, మొగుడు పోతే ఇక సరేసరి. తెర మీద పెదాలు కదిపే ఆవిడ ఒకరు, అద్దాల గదిలో మైకు ముందు నిలబడి గొంతు చించుకునే ఈవిడ ఒకరు. ఒకసారి ఆ పెదాల ఆవిడకి అవార్డొచ్చింది. వేదికెక్కి మేకప్ వేసినవాడితో సహా అందరి పేర్లూ చెప్పి దండం పెట్టింది. శ్యామల చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ టీవీలో చూసింది. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని వాళ్లాయన ఇప్పటికీ చెబుతుంటాడు.

బొమ్మల పిచ్చి ఆ తర్వాతే పట్టుకుంది. ఒక ఆదివారం మాదాపూర్‌లో చిత్రకారులు పెట్టిన సంతకి ఊరికే వెళ్లి, అరచేతంత నీటిరంగుల బొమ్మ ఒకటి కొనుక్కొచ్చింది. దాన్ని వంటింటి గుమ్మం పక్కన తగిలించి, వచ్చినవాళ్లకల్లా చూపించింది. గీసింది తను కాదు. కానీ వెయ్యి బొమ్మల్లోంచి ఏరింది తను. ఆ ఏరడం మాత్రం ఎవరి పెదాల మీదికీ పోదు. పదిహేనేళ్లలో ఇల్లంతా బొమ్మలే అయ్యాయి. ఫ్రిజ్ పైన ఒకటి, బాత్రూమ్ తలుపు మీద రెండు. "సున్నం వేయించే ఖర్చు తప్పింది, గోడ కనబడితే కదా," అంటాడు వాళ్లాయన.

పెద్ద పేరున్నవాళ్ల బొమ్మల జోలికి ఆవిడ పోదు. పేరు లేనివాళ్లని వెతుకుతుంది. అలా దొరికినవాడే లక్ష్మయ్య. స్టూడియోల్లో తెరలకి రంగులేసి కొండలూ, మేఘాలూ, మహళ్లూ దింపిన మనిషి. కంప్యూటర్లొచ్చి ఆ పని పోయాక, బోరబండలో ఇంటి మేడ మీద కూర్చుని తనకి తోచినవి గీసుకునేవాడు. సంతలో దుప్పటి పరుచుకుని కూర్చుంటే శ్యామల ఒక్కతే ఆగింది. ఒకేసారి నాలుగు కొంది. ఆ తర్వాత రెండేళ్లు జూబ్లీహిల్స్‌లో గ్యాలరీ నడిపే క్రాంతికుమార్ వెంటపడి, ఫోన్లు చేసి, ప్రాణం తోడి, చివరికి లక్ష్మయ్య బొమ్మలతో ఒక ప్రదర్శన పెట్టడానికి ఒప్పించింది. లక్ష్మయ్య తన మనిషి అని ఆవిడ లెక్క. తప్పు లెక్కేం కాదు.

మధ్యలో భువన వచ్చింది.

భీమవరం పిల్ల. మొగుడికి గ్రానైట్ వ్యాపారం. పొద్దున పార్కులో నడక దగ్గర పరిచయమై, 'పిన్నిగారూ' అంటూ ఇంటికొచ్చి, గోడలు చూసి నోరు తెరిచింది. "నాకూ నేర్పరూ!" అంది. అడిగితే నేర్పకుండా ఉండే రకం కాదు శ్యామల. సంతలకీ గ్యాలరీలకీ వెంట తిప్పుకుంది. బొమ్మ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడాలని చెప్పింది. పేరూ ధరా ఉన్న చీటీ ముందే చూడొద్దంది. "చూశాక బయటికెళ్లి టీ తాగు. తాగుతుంటే ఆ బొమ్మ కుడి మూలన ఏముందో గుర్తొచ్చిందా, అది నీది. రాలేదా, వదిలెయ్."

పిల్ల ఆర్నెల్లలో నేర్చేసుకుంది. అదే ప్రాణం మీదికొచ్చింది.

ఒక సంతలో ఫ్రేములు లేని కాగితాల కట్ట ఒకటి ఉంటే శ్యామల పైనుంచి కిందిదాకా తిరగేసి, ఏమీ లేదని పక్కన పెట్టింది. వెనకే వచ్చిన భువన అందులోంచి ఒక కాగితం లాగింది. తీగ మీద ఆరేసిన చీర, దాని నీడలో పడుకున్న మేక. ఆ పిల్ల ఇంట్లో గోడకి పెట్టాక చూస్తే ఏముందీ, బంగారం! తన వేళ్ల కిందనుంచే జారిపోయింది. డబ్బున్నవాళ్లని చూసి ఏడవడం తేలిక. 'డబ్బుంది, కొంటారు' అని మూతి తిప్పుకుంటే సరిపోతుంది. చూపున్నవాళ్లని చూస్తే ఆ సుఖం కూడా ఉండదు. ఆ రాత్రి శ్యామలకి మజ్జిగన్నం కూడా సహించలేదు. 'నా దగ్గర నేర్చుకున్న కన్నుతోనే నన్ను దాటిపోతుందా?' అని మంచం మీద దొర్లింది. అప్పట్నుంచి గ్యాలరీవాళ్లు భువనకి ఎదురొచ్చి నమస్కారం పెట్టడం, తర్వాత తనని చూసి "మీరూ వచ్చారా మేడమ్" అనడం మొదలైంది. ఆ 'మీరూ'లోని దీర్ఘం ఒక్కటి చాలు, కడుపు భగ్గుమనడానికి.

లక్ష్మయ్య ప్రదర్శన రోజు శ్యామల అందరికంటే ముందే ఆటోలో దిగింది. గోడల మీద ఇరవై రెండు బొమ్మలు. ఏడో నంబరు దగ్గర కాళ్లు ఆగిపోయాయి. స్టూడియో ఫ్లోర్ అది. షూటింగ్ అయిపోయింది. ఇద్దరు కూలీలు ఆకాశం గీసిన తెరని మడతపెట్టి భుజాల మీద మోసుకుపోతున్నారు. వెనకవాడి మెడ మీద చిన్న మేఘం వేలాడుతోంది. ఎవరి కోసమో గీసి, ఎవరి వెనకో నిలబెట్టి, పనైపోయాక చుట్టేసిన ఆకాశం. శ్యామలకి తన ముప్ఫయ్యేళ్లూ ఆ ఇద్దరూ మోసుకుపోతున్నట్టే అనిపించింది.

అప్పుడే కొనేయొచ్చు. కానీ తన నియమం తనకుందాయె. బయట వరండాలోకెళ్లి టీ తాగింది. కుడి మూలన ఖాళీ రంగు డబ్బా, అందులో ఆరిపోయిన బీడీ. గుర్తొచ్చింది. కప్పు పెట్టేసి గబగబా లోపలికొస్తే, ఏడో నంబరు ముందు భువన నిలబడి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని, మూడడుగులు వెనక్కి జరిగి, అచ్చం తను నేర్పినట్టే.

భువన కాసేపటికి ఊపిరి వదిలి, వరండా వైపు నడిచింది. టీకి.

వ్యవధి అంతే. ఒక కప్పు టీ. అమ్ముడుపోయిన బొమ్మ పక్కన గ్యాలరీవాళ్లు ఎర్ర చుక్క అంటిస్తారు. ఆ చుక్క పడ్డాక ఇంకెవరూ బేరానికి రారు. అదక్కడి మర్యాద. ఆ చుక్కల కాగితం గ్యాలరీలో పనిచేసే హరిణి చేతిలో ఉంది. హరిణేమో ముఖ్య అతిథి చేత దీపం వెలిగించే గొడవలో ఉంది. పిలిస్తే వినబడదు. కేకేస్తే పరువు తక్కువ. వరండాలో భువన కప్పు పట్టుకుని ఊదుకుంటోంది.

శ్యామల సంచిలో చెయ్యి పెట్టింది. స్టిక్కర్ బొట్ల పాకెట్ తగిలింది. అటూ ఇటూ చూసింది. అన్నిటికంటే చిన్న సైజు ఎర్ర బొట్టు ఒకటి వలిచి, ఏడో నంబరు చీటీ పక్కన అంటించి, ఏమీ ఎరగనట్టు పదో నంబరు దగ్గరికెళ్లి నిలబడింది. అరవయ్యొక్కేళ్ల మనిషి! పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడం అంటే ఇదే.

భువన వచ్చింది. చుక్క చూసింది. మొహం వాడిపోయింది. "అయ్యో పిన్నిగారూ, పోయిందండీ! టీకి వెళ్లకుండా ఉండాల్సింది."

"ప్రాప్తం ఉండాలమ్మా," అంది శ్యామల. అంటుంటే ఎంత తియ్యగా ఉందో! ఇన్నాళ్ల మంట మీద కుండెడు చల్లనీళ్లు గుమ్మరించినట్టయింది.

ఆ చల్లదనం పది నిమిషాలు నిలవలేదు. దీపం గొడవ కాగానే శ్యామల హరిణిని పక్కకి పిలిచి, "ఏడో నంబరు నాకు రాయమ్మా," అంది.

"సారీ మేడమ్, అది సోల్డ్. చుక్కుంది కదా. సార్ ఫోన్లో ఎవరికో ఓకే చెప్పేసుంటారు."

'ఆ చుక్క నేనే పెట్టానమ్మా' అని ఎలా చెప్పడం? మింగలేదు, కక్కలేదు. పోనీ గుట్టుగా పీకేద్దామా అని వెళ్తే, అక్కడ సందు లేదు. చుక్క పడ్డ బొమ్మకున్న గిరాకీ మామూలు బొమ్మకుండదు. జనమంతా అక్కడే మూగి, ఆహా అంటున్నారు. మధ్యలో లక్ష్మయ్య. ఇస్త్రీ చొక్కా, చేతిలో దండ. మొదటి చుక్క పడిందని ఎవరో చెప్తే, భార్య రాజమ్మని వెంటపెట్టుకొచ్చి చూసుకుంటున్నాడు. కళ్లు తడిగా ఉన్నాయి.

క్రాంతికుమార్ అప్పుడే లోపలికొచ్చాడు. "ఎవరికిచ్చావ్ హరిణీ ఇది?"

"మీరే ఇచ్చారనుకున్నా సార్."

"నేనా? నేనెవరికీ చెప్పలేదే!"

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రాజమ్మ వంగి, చుక్కని దగ్గరగా చూసి, గోటితో గీకింది. ఊడి వేలికి అంటుకుంది. "గిదేంది? గిది బొట్టు బిళ్ల గాదా!"

నవ్వులు లేచాయి. ఆడవాళ్లంతా పక్కనున్నవాళ్ల నుదుళ్ల కేసి చూడటం మొదలుపెట్టారు. శ్యామల సంచి గట్టిగా పట్టుకుంది. భువన ఆ సంచిని చూసింది. తర్వాత ఆవిడ మొహం చూసింది. అర్థమైపోయింది పిల్లకి. ఇక బయటపెడుతుంది, పరువు గంగలో కలిసిపోతుంది అనుకుని శ్యామల నేలకేసి చూస్తూ నిలబడింది.

"నేనే పెట్టానండీ," అంది భువన.

నుదుళ్ల వెతుకులాట ఆగిపోయింది.

"ఎవరైనా కొనేస్తారని భయం వేసింది. హరిణి దొరకలేదు. నుదుటి మీదది తీసి అంటించేశాను. తప్పే, క్షమించండి." భువన నుదురు ఎప్పట్లాగే ఖాళీగా ఉంది. నమ్మడానికి అది చాలు. ఎవరో చప్పట్లు కొట్టారు. "కళ మీద ప్రేమంటే ఇదీ!" అన్నారు ముఖ్య అతిథి. ఫోన్లు పైకి లేచాయి. హరిణి నవ్వుతూ అసలు చుక్క తీసి అంటించింది.

శ్యామల బతికిపోయింది. బొమ్మ పోయింది. రెండూ ఒక్క మాటతో. దాన్నయినా ఆవిడ ఎలాగో దిగమింగుకునేదేమో, లక్ష్మయ్య నోరు విప్పకపోతే.

ఆయన దండ తీసుకెళ్లి భువన చేతుల్లో పెట్టాడు. "బిడ్డా, నలభై ఏండ్లసంది రంగులేసిన. నా బొమ్మకోసం దొంగతనం జేసినోళ్లను ఇయ్యాల్నే చూసిన. గీ శ్యామలమ్మ గూడ కొంటది. మంచి మనిషి. గని బయటికివోయి, చాయ తాగి, సోంచాయించి కొంటది. నువ్వు గట్ల గాదు. పాగలయినవ్."

ఇక ఆగలేదు శ్యామలకి. కొన్నది తను, దుప్పటి ముందు ఆగింది తను, రెండేళ్లు వెంటపడింది తను. చివరికి ఈ మతిలేని పని చేసిందీ తనే. ఆ పిచ్చి కూడా ఇంకొకళ్ల మొహం మీద వెలుగుతోంది. ఆ దొంగతనం కూడా దక్కకుండా పోతోంది.

"నేను! నేను పెట్టాను!" ముప్ఫయ్యేళ్లు థియేటర్లు దద్దరిల్లించిన గొంతు అది. గ్యాలరీ చివర్లో ఉన్నవాళ్లు కూడా వెనక్కి తిరిగారు. సంచిలోంచి పాకెట్ తీసి పైకెత్తింది. ఒక గడి ఖాళీగా ఉంది. "చూడు లక్ష్మయ్యా! ఆ పిల్ల కాదు. నా బొట్టది. దొంగతనం నాది!"

నిజాయితీతో అన్న మాట కాదది. ఒట్టి అసూయ.

లక్ష్మయ్య ఆవిడని కొత్తగా చూశాడు. "నువ్వా శ్యామలమ్మా? గింత పని జేసినవా?" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మందలింపో మురిపెమో తెలియలేదు. మురిపెమే అనుకుంది శ్యామల. ఒక్క క్షణం ఒళ్లు ఝల్లుమంది. క్రాంతికుమార్ గొంతు సవరించుకుని, "మరిప్పుడు పేరు ఎవరిది రాయమంటారు?" అన్నాడు. భువన దండని బల్ల మీద పెట్టి, "పిన్నిగారిది," అని హరిణికి చెప్పి, బయటికెళ్లిపోయింది.

హరిణి చీటీ మీద పేరు రాసిచ్చేదాకా శ్యామల ఉంది. తర్వాత మెట్లు దిగింది. గేటు పక్కన కారు తలుపు పట్టుకుని భువన నిలబడి ఉంది. కళ్లు తుడుచుకున్నట్టుంది, కాటుక చెదిరింది. అంత కోపంలోనూ ఆ పిల్ల తన కోసమే ఆగిందని శ్యామలకి తెలుసు. ఆ మంచితనానికీ కడుపు మండింది.

"నన్నొక్క మాట అడిగుంటే వదిలేసేదాన్ని కదా పిన్నిగారూ."

"తెలుసమ్మా," అంది శ్యామల. "అందుకే అడగలేదు."