జేబు మీద పరాయి చెయ్యి

ల్యాబ్ కోటు కుడి జేబు మీది కుట్లు తనవి కావు. మిషనమ్మ కోటుని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి తిప్పి తిప్పి చూసింది. మూడు నెలల కిందట, కూతురు కాలేజీ హాస్టల్‌కి వెళ్ళే ముందు తనే కుట్టిన కోటు అది. మొన్న సెలవుకి వచ్చి, ఉతకమని వదిలి వెళ్ళింది. జేబు మూల ఎవరో చేత్తో కుట్టారు. రెండు పేటల దారం. ముడి పైకే వేశారు, పురుగు వాలినట్టు.

రెండు పేటలతో కుట్టే మనిషి ఈ ఇంట్లోంచి పోయి రెండేళ్ళయింది.

భర్త దర్జీ. ఆయన పోయాక ఆయన కుట్టుమిషనూ కత్తెరా ఆమెకి మిగిలాయి. మిషనమ్మ అన్న పేరు వీధివాళ్ళు పెట్టారు. "సూది మనతోనే ఆగిపోవాలి, పిచ్చుక చదువుకోవాలి" అనేవాడాయన. పిచ్చుకంటే కూతురే. ఆ మాటకి కట్టుబడి మిషనమ్మ పిల్లచేత ఎన్నడూ సూది పట్టించలేదు. గుండీ ఊడినా తనే కుట్టేది.

కాలేజీలో చేరిన కొత్తలో పిచ్చుక రోజుకి నాలుగుసార్లు ఫోన్ చేసి ఏడ్చేది. "ఊఁ అను, రేపే వచ్చి తీసుకొచ్చేస్తా" అనేది తల్లి. నెల తిరిగేసరికి ఆ నాలుగూ ఒకటయ్యాయి. ఆ ఒక్కదాంట్లోనూ కెమిస్ట్రీ మేడం గోలే. మేడం ఇలా అంది, మేడం అలా నవ్వింది.

"ఊరికే ఎవరు చేరదీస్తారురా ఈ రోజుల్లో?" అంది తమ్ముడితో.

"ఏడిస్తే ఏడుస్తోందంటావ్, నవ్వితే నవ్వుతోందంటావ్. నీతో ఎలాగే అక్కా? ఆవిడ చదువు చెప్పే మనిషి."

"చదువు చెప్పేవాళ్ళు జేబులు కూడా కుడతారా?"

కూతుర్ని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతుందేమోనని భయం. మర్నాడు కోటు సంచీలో పెట్టుకుని బస్సెక్కింది. టీసీ తీసుకుని పిల్లని వెంటబెట్టుకునే తిరిగి రావాలి. ఇంటి దగ్గర కాలేజీలు లేకపోలేదు.

మేడం గదంతా మందుల వాసన. బల్ల మీద దిద్దాల్సిన పేపర్లు, వాటి పక్కన మూత తీసిన బిస్కట్ల డబ్బా. అందులో సూది, నల్లదారం రీలు. మిషనమ్మ కళ్ళు అక్కడే ఆగాయి. దొంగ దొరికింది.

"చల్లకొచ్చి ముంత దాచడం నాకు చేతకాదండీ" అంది కోటు బల్ల మీద పరిచి. "దానికి తల్లిని నేనున్నాను. దాని బట్టలు కుట్టడానికి మీరెవరు?"

మేడం కళ్ళద్దాలు తీసి ఆమెని చూసింది. తర్వాత తన కోటు చెయ్యి ముందుకి చాపింది. ఊడిన అంచుకి వరసగా స్టాప్లర్ పిన్నులు కొట్టి ఉన్నాయి.

"నాకొచ్చిన కుట్టు ఇదీ. ఆ డబ్బా మీ అమ్మాయిదేనమ్మా. జేబు చిరిగిన రోజు ఇక్కడే కూర్చుని గంటసేపు ఏడ్చింది. ఇంటికి పంపి కుట్టించుకుంటా, అందాకా ల్యాబ్‌కి రానంది. ముందు నువ్వు కుట్టి చూడు, కుదరకపోతే పంపిద్దువుగాని అన్నాను. మూడుసార్లు విప్పి కుట్టింది."

"దానికి సూది పట్టడమే రాదు!"

"వాళ్ళ నాన్న పక్కన కూర్చుని చూసేదట కదా. ఆయన ఎప్పుడూ రెండు పేటలేనట. ఆ కబురు చెబుతూ మాత్రం నవ్వింది."

మిషనమ్మ జేబు మీది ముడిని వేలితో తడిమింది. పిల్ల ఈ మనిషితో చెప్పింది. తనతో చెప్పలేదు. నాన్న ఊసెత్తితే అమ్మ లేచి లోపలికి వెళ్ళిపోతుందని పిల్లకి తెలుసు.

గుమ్మంలో చెప్పుల చప్పుడైంది.

"అమ్మా! నువ్వెప్పుడొచ్చావ్? ఏమైంది?" పిచ్చుక మొహం పాలిపోయింది. తల్లి చేతిలో సంచీ చూసింది, మేడంని చూసింది. "నన్ను తీసుకెళ్ళిపోవడానికొచ్చావా?"

టీసీ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మిషనమ్మ మేడంని ఓసారి ఓరగా చూసింది. అనుమానం పూర్తిగా పోలేదు. అయినా చెయ్యి బల్ల మీది డబ్బా వైపు పోయింది.

"ముడి పైకి వేస్తారటే ఎవరైనా? లోపలికెయ్యాలని చెప్పడానికొచ్చా" అంటూ సూది కూతురికి అందించింది. "ఇప్పి మళ్ళీ వెయ్యి. నేను చూస్తా" అని కుర్చీ లాక్కుని కూర్చుంది.

పిచ్చుక దారం కొస పెదాలతో తడిపి సూదిలోకి ఎక్కించింది. రెండు పేటలు చేసి లాగింది. "నాన్న ఇలాగే కదమ్మా?" అంది మెల్లిగా.

మిషనమ్మ ఈసారి లేవలేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.