ఒడ్డున నా పక్కన నిలబడ్డవాళ్ళు

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే లేచి వెళ్ళిపోయే రకాన్ని నేను. మా అమలాపురం వైపు కాలవగట్ల మీద ఎన్ని కథలు విన్నా ఒక్కటీ చెవికెక్కించుకోలేదు. నీటిపారుదల ఇంజనీరుని, కంటికి కనబడిందీ కొలతకి అందిందీ తప్ప నాకు పట్టదు. ఇది ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకపోవడానికి కారణం కూడా అదే.

ఎనభైల చివర్లో నేనూ, నా భార్య సుగుణా ఆస్ట్రేలియాలో మర్రీ నది ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆ ఊళ్ళో మేం తప్ప ఇండియన్లు లేరు. పూర్వం కొందరు తెల్లవాళ్ళు ఆ నది ఎటు పోతుందో కనుక్కోవడానికి పడవలో దిగువకి వెళ్ళారట. ఆ ప్రయాణాన్ని మళ్ళీ ఆడి చూపించాలని ఊరివాళ్ళు పూనుకున్నారు. అలాంటి పడవే కట్టించి, తెడ్డు వెయ్యడానికి మనుషులు కావాలన్నారు.

నాకు ప్రాణం లేచొచ్చింది. గోదావరి పాయల్లో తెడ్డు వేసి పెరిగినవాణ్ణి. ఆ పడవలో చోటు దొరికితే చాలు, నేనూ ఆ ఊరివాణ్ణే అయిపోతాననుకున్నాను.

అందుకు వేసిన కమిటీకి పెద్ద మా ఆఫీసులో నా పై అధికారే. నా నల్లటి ఒంటిని ఎగాదిగా చూసి, పడవలో కాదు, ఒడ్డున నిలబడితే అచ్చు గుద్దినట్టుంటావన్నాడు. పడవని చూసి బిత్తరపోయే ఆదివాసి వేషం. ఆయన మనసులో కల్మషం లేదు, అందుకే ఇంకా మండింది. అసలు ఆ నేలవాళ్ళనే పిలవచ్చు కదా అంటే, ఈ చుట్టుపక్కల ఇప్పుడెవరూ లేరన్నాడు. ఎందుకు లేరో చెప్పలేదు.

ఉద్యోగం పర్మనెంటు కాలేదు, ఒప్పుకున్నాను. సుగుణ మాత్రం చొక్కా, బూట్లు విప్పడానికి వీల్లేదంది. "వేషం వేస్తే వేశారు, పరువంతా విప్పి వాళ్ళ చేతిలో పెట్టకండి."

జనవరి అక్కడ నడివేసవి, ఎండ మాడ్చేస్తోంది. జనమంతా దిగువన వంతెన దగ్గర. నేను ఎగువన, చొక్కా మీద దుప్పటి కప్పుకుని, రంగేసిన కర్ర పట్టుకుని, నది వంపులో బురద ఒడ్డున ఒంటరిగా నిలబడ్డాను. పడవ నా దగ్గర ఆగాలి, వాళ్ళు దిగి నాకొక అద్దం బహుమతిగా ఇవ్వాలి. అదీ ఆట.

పడవ వంపు తిరిగింది, ముందు కూర్చున్నది మా పై అధికారే. పాడుతూ వస్తున్నవాళ్ళు ఠక్కున ఆపేశారు. తెడ్లు పైకెత్తి అలాగే ఉండిపోయారు. వాళ్ళ చూపు నా మీద లేదు, నా అటూ ఇటూ తిరుగుతోంది. నాకు భయం వేసింది. వెనక్కి తిరిగితే చెట్లు తప్ప ఎవరూ లేరు. ఈలోగా పడవ ఆగకుండా ఎవరో తరుముతున్నట్టు దిగువకి పోయింది.

కిందికి చూశాను. నేనొచ్చినప్పుడు నున్నగా ఉన్న బురదలో, నా బూట్ల గుర్తులకి రెండు పక్కలా ఉత్త పాదాల గుర్తులు. పెద్దవాళ్ళవీ, పిల్లలవీ. వాటిలోకి ఇంకా నీళ్ళు ఊరుతున్నాయి.

సాయంత్రం అందరూ ఆరుబయట మాంసం కాల్చుకు తినే బార్బీ దగ్గర పై అధికారి నన్ను పక్కకి పిలిచాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నిన్నొక్కణ్ణే కదా రమ్మన్నాం. మీ చుట్టాలందర్నీ ఎందుకు తెచ్చావు?"

వచ్చే ఏడు పడవలోనే చోటిస్తామనీ, వాళ్ళని మాత్రం మళ్ళీ తీసుకురావద్దనీ ఆయనే బతిమాలాడు. అంతగా ఆశపడ్డ చోటు అది. వద్దన్నాను. కొన్నాళ్ళకి ఆ ఉద్యోగం వదిలేసి సిడ్నీలో టూంగాబీకి వచ్చేశాం.

వాళ్ళని నా చుట్టాలని ఆయన ఎందుకనుకున్నాడో నాకు బాగా తెలుసు. వాళ్ళెవరో, నా పక్కన ఎందుకు నిలబడ్డారో మాత్రం ఈనాటికీ తెలియదు.