లొరెట్టా గిన్నె

మాన్‌రో వీధిలో ఎవరింట చావు జరిగినా ముందు వెళ్ళేది లొరెట్టా హుడాక్ గిన్నే. అందులో పిండిముద్దలూ క్యాబేజీ కలిపి వెన్నలో వేయించిన హలుష్కి. ఉక్కు మిల్లు మూతపడి ఊరు సగం ఖాళీ అయినా ఆవిడ ఆ అలవాటు మానలేదు.

అలా ఖాళీ అయినవాటిలో రెండు పాత ఇళ్ళు కొని, బాగుచేయించి అద్దెకిచ్చింది. కొన్నప్పుడల్లా ఏజెంట్లు కమీషను పట్టుకుపోతుంటే ఒళ్ళు మండి, అరవై దాటిన వయసులో పరీక్ష రాసి తనే ఇళ్ళ ఏజెంటు లైసెన్సు తెచ్చుకుంది. లైసెన్సున్నా ఒక బ్రోకరు కింద చేరక తప్పదు. చేరింది స్టానెక్ దగ్గర.

"లొరెట్టాగారూ, ఇల్లు అమ్మకానికి రావాలంటే విడాకులన్నా కావాలి, చావన్నా రావాలి. చావింటికి మేం వెళ్తే కుక్కని వదుల్తారు. మీకైతే కుర్చీ వేస్తారు," అన్నాడతను.

ఆ మాటకి దిగ్గున లేచి వచ్చేయాల్సింది. రాలేదు మహాతల్లి.

ఆ చలికాలం గిన్నెతో పాటు ఇళ్ళ ఏజెంటుగా తన పేరున్న కార్డు కూడా వెళ్ళింది. ఇల్లమ్మడానికి తొందరేం లేదంటూనే టేబుల్ మీద పెట్టి వచ్చేది. కొన్ని ఇళ్ళు అమ్మిపెట్టింది, నచ్చినవి తనే కొనుక్కుంది. కొనేది లైసెన్సున్న ఏజెంటేనని చట్టప్రకారం ముందే రాసిచ్చేది కూడా. ఎవరినీ మోసం చేయలేదు.

అయినా చర్చిలో ముసలాళ్ళు ఆవిడ పక్కనుంచి జరిగి కూర్చోసాగారు. దగ్గొస్తే ఆవిడ ముందు ఆపుకునేవాళ్ళు. చిన్ననాటి స్నేహితురాలు బెర్నడీన్ ఒక్కతే, "పిచ్చి జనం, వదిలెయ్యవే," అని నవ్వేసేది. ఊరంతా మొహం తిప్పుకున్నా ఇదొక్కతీ మిగిలితే చాలనుకుంది లొరెట్టా.

మార్చిలో బెర్నడీన్ కడుపునొప్పితో ఆస్పత్రికి వెళ్ళి వచ్చిందని తెలిసింది. లొరెట్టా వెంటనే పొయ్యి వెలిగించింది. దానికి ఇష్టమని హలుష్కి చేసి, కార్డులన్నీ ఇంట్లోనే వదిలేసి బయల్దేరింది.

తలుపు తీసిన బెర్నడీన్ నవ్వబోయి ఆగిపోయింది. గిన్నె వంకే చూస్తోంది.

"ఏంటే ఆ చూపు? చెయ్యి కాలిపోతోంది, లోపలికి రానీ!"

"కడుపులో పుండేనన్నాడే డాక్టరు. మందులతో తగ్గిపోతుందన్నాడు. మా అమ్మాయి కూడా అదే అంది."

"మంచిదేగా మరి!"

"నా దగ్గర దాచకు, లొరెట్టా. నీతో ఏం చెప్పారు?"

"ఒట్టు, నాకెవరూ ఏం చెప్పలేదే! ఊరికే చూసిపోదామని వచ్చాను."

బెర్నడీన్ గుమ్మం పట్టుకుని మెల్లగా కింద కూర్చుండిపోయింది.

"ఊరికే నువ్వెవరింటికీ వెళ్ళవు కదే," అంది.