కింది నుంచి పైకి చదవాల్సిన మిరప సాగు

పోయిన వారం నేను మిరపకాయల్ని ముందు ఎండబెట్టి, ఆ తర్వాత కోయించాను. అదీ పొలంలో కాదు, సత్తెనపల్లి నెట్ సెంటర్లో, పదిమంది చూస్తుండగా.

నాకు అక్షరాలు వచ్చింది యాభై దాటాక, రాత్రి బడిలో. నాతోపాటే పలక పట్టిన కోటయ్య ఇప్పటికీ పేపర్లో హెడ్డింగులు చూసి మడిచేస్తాడు. వాడిచేత ఒక్కటైనా చివరిదాకా చదివించాలని నా పంతం. అందుకే బ్లాగు మొదలుపెట్టాను. నారు పోయడం నుంచి బస్తాల్లో తొక్కించడం దాకా, మిరప సాగు మీద ఆరు భాగాలు.

నెట్ సెంటర్ నడిపే సునీతమ్మ అక్షరాలు కాస్త చిన్నవైతే అందంగా ఉంటాయంది. నేను వినలేదు. చదివేవాళ్లు కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చే రకం, అక్షరం పలక మీద రాసినంత ఉండాల్సిందే అన్నాను. వెనక ఎరుపు రంగు వేద్దామంటే కళ్లు మండుతాయని వద్దన్నాను. ఇంకేదో చెప్పబోతే, రాయడం నాకు తెలుసమ్మా అని ఆపేశాను. ఒంటి వేలితో, రోజుకొక భాగం చొప్పున, వరసగా నేనే టైపు చేశాను.

ఏడో రోజు కోటయ్యను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. వాడు తెర మీద వేలు పెట్టి బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు. ముందు బస్తాల్లో తొక్కించాడు. తర్వాత కల్లంలో ఎండబోశాడు. ఆ తర్వాత కోతకు కూలీలను పిలిచాడు. పక్కవాళ్లు నవ్వాపుకోలేకపోతున్నారు.

“ఏరా, నలభై ఏళ్లు నువ్వు చేసిన సాగు ఇదేనా?” అన్నాడు కోటయ్య.

బ్లాగులో కొత్తగా రాసింది పైకి చేరుతుందట. సునీతమ్మ ఆరోజు చెప్పబోయింది అదేనట. నేను మెల్లగా లేవబోయాను. కోటయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

“కూర్చోరా. ఇంకెన్ని తప్పులున్నాయో చూడనీ.”

తప్పులు వెతుక్కుంటూ నారుమడి దాకా దిగాడు. అక్కణ్ణుంచి మళ్లీ పైకి, ఈసారి వరసలో, బస్తాల దాకా ఎక్కాడు. గంట పట్టింది. ఒక్క తప్పూ దొరకలేదు.

“సాగు బాగానే రాశావు,” అన్నాడు, నా మీదేదో కోపం ఉన్నట్టు.

వాడు వెళ్లాక, వరస మార్చేద్దామా బాబాయ్ గారూ అని సునీతమ్మ అడిగింది. వద్దన్నాను. హెడ్డింగు దాటని కోటయ్యచేత రెండుసార్లు చదివించిన బ్లాగు నాది! పాఠకుణ్ణి దృష్టిలో పెట్టుకుని, కావాలనే అలా పెట్టానని ఊరంతా చెబుతున్నాను. అందరూ నమ్మారు, సునీతమ్మ తప్ప.