ముక్కలు కాని హోలోగ్రాం

అయిజలో బస్టాండు దాటినాక బాలన్న ఖాళీ సీసాల డిపో ఉండేది. చిత్తు ఏరుకునేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి బ్రాందీ, విస్కీ సీసాలను గోనెసంచుల్లో తెచ్చి అక్కడ పోసేవాళ్లు. వాటిని తొట్లో నానబెట్టి, మీది కాగితాలు గీకి, కడిగి ఆరబెట్టడం జమ్ములమ్మ పని. పెళ్లయిన కొత్తలో భర్త ఇమ్మానుయేలుతో కలిసి పుణె దాకా పోయి మట్టి తట్టలు మోసింది. కూతురు కృపను బడిలో వేసినాక ఇక ఊరు కదిలేది లేదని తెగేసి చెప్పి, ఈ తొట్టి ముందు కూర్చుంది.

చర్చిలో ఒకరిద్దరు ఆడవాళ్లు మూతి తిప్పేవాళ్లు. "తాగిన సీసాలు కడుగుడేందే, ఇంకో పనే దొరకలేదా?"

"కడిగేది సీసాలనే గద అక్కా, నేనేమన్న పోస్తున్ననా" అని నవ్వేసేది జమ్ములమ్మ.

ఆ పనిలో ఆమెకు ఒళ్లుమండేది ఒక్కదానితోనే. సర్కారు లెక్కలోకి వచ్చిన సరుకేనని గుర్తుగా ప్రతి సీసాకు మూత మీంచి మెడ మీదికి మెరిసే హోలోగ్రాం అంటించేవాళ్లు. మూత తిప్పగానే అది తెగి, సగం సీసా మెడకే మిగిలేది. ఎంత నానినా ఒక్క పెట్టున ఊడేది కాదు. చిన్న చిన్న ముక్కలై గోళ్ల సందుల్లో ఇరుక్కునేది.

2006 వానాకాలంలో ఒకరోజు ఆమె చేతిలో ఒక హోలోగ్రాం ఉల్లిపొర లెక్క చక్కగా ఊడి వచ్చింది. సంబరపడింది. ఇంకో సీసా తీసింది. అదీ అట్లే వచ్చింది. నాలుగోదానికి చేయి ఆగిపోయింది. ఆ సంచి తుంగభద్ర ఒడ్డున ఒక పల్లె నుంచి వచ్చింది. గోదాముల్లో నిల్వ ఉన్న మిరపకాయ సంచులు లారీలకు ఎత్తడానికి ఇమ్మానుయేలు వారం రోజులుగా ఆ పల్లెలోనే ఉన్నాడు. పొద్దంతా మోసి, సాయంత్రం ఒక క్వార్టరు తాగనిదే అతనికి అన్నం దిగదు.

"బాలన్నా, ఈ సీసాలల్ల మందు అసలుది కాదు" అంది.

బాలన్న తలెత్తలేదు. "మనకెందుకే గా పంచాది? కడుగు, పంపు."

"నా పెనిమిటి గాడనే ఉన్నడు. నాకు అవుసరమే."

ఊడిన నాలుగు హోలోగ్రాంలను కృప నోటుబుక్కు కాగితం మీద అతికించి, మరునాడు పొద్దున గద్వాల బస్సెక్కింది. ఆబ్కారీ ఆఫీసులో ఎస్సై సుదర్శన్ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకుపోయి అటూ ఇటూ వంచాడు. చిన్న భూతద్దం పెట్టి చూశాడు. అసలుదాంట్లో వెలుతురుకు రంగులు కదులుతాయి, అద్దంలో సన్నటి అక్షరాలు కనపడతాయి. దీంట్లో మెరుపు తప్ప ఏమీ లేదు.

"మేం అద్దం పెట్టి చూస్తం. నీకెట్ల తెల్సింది?"

"నా చేతులకు తెల్సింది సార్. అసలుదైతే నన్ను గింత సుఖంగ ఉండనియ్యదు."

ఎస్సై నవ్వలేదు. ఒక బకెట్ నీళ్లు తెప్పించి, ఆఫీసులో ఉన్న ఖాళీ సీసాలు ఆరు అందులో వేయించాడు. కాసేపు నాననిచ్చి, దొంగవి ఏవో చూడకుండా చెప్పమన్నాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుని, ఒక్కో మెడను బొటనవేలితో తడిమి రెండింటిని బయట పెట్టింది. ఆ రెండూ అంతకుముందు నెల పట్టుకున్న నకిలీ సీసాలు.

ఆ సాయంత్రమే జీపు ఏటి ఒడ్డు పల్లెకు పోయింది. పత్తి గోదాములో స్పిరిటు డబ్బాలు, కొత్త మూతలు, చుట్టలు చుట్టలుగా దొంగ హోలోగ్రాంలు దొరికాయి. ఎవరు చెప్పారన్నది ఎస్సై బయటపెట్టలేదు. ఆ మందు తాగి కళ్లు మసకబారిన కురుమూర్తి అనే హమాలీని కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. చూపు దక్కింది. ఇమ్మానుయేలు మర్నాడు మామూలుగా ఇంటికొచ్చాడు. జ్వరమొచ్చి పండుకోవడంతో మూడు రోజులుగా మందు ముట్టలేదట.  ఆ మాట విన్న జమ్ములమ్మ కోడిగుడ్లు ఉడకబెట్టి పెట్టింది.

వనపర్తిలో వైన్సు షాపులవాళ్లకు మీటింగు పెట్టినప్పుడు సుదర్శన్ ఆ కేసు మాటెత్తకుండా, సీసాలు కడిగే మనిషిగా ఆమెను పిలిపించాడు. గద్వాల, నాగర్‌కర్నూలు వైపు నుంచి కూడా షాపులవాళ్లు వచ్చారు. జమ్ములమ్మ ముందు బకెట్, సీసాలు పెట్టారు.  చేయి నీళ్లలో పెట్టగానే మాటలు వాటంతట అవే వచ్చాయి. "గిట్ల ముక్కలైతే అసలుది. గిట్ల పొర లెక్క ఒస్తే దొంగది. ఒక్క ఖాళీ సీస నానబెట్టి చూసుకోండ్రి, మీకే తెలుస్తది." వెనక వరుసలోవాళ్లు కుర్చీలు వదిలి ముందుకొచ్చి నిలబడ్డారు.

ఆ మాట అయిజకు రాగానే బాలన్నకు ఛాతీ ఉబ్బింది. మా డిపో మనిషేనని అందరికీ చెప్పుకున్నాడు. ఆమె అడగకుండానే నడుమెత్తున సిమెంటు తొట్టి కట్టించాడు. పొద్దున్నుంచి గొంతుక్కూర్చునే బాధ తప్పింది. కొత్త తొట్టి ముందు మొదటి రోజు జమ్ములమ్మ నిటారుగా నిలబడి, చర్చి పాట ఒకటి సన్నగా పాడుకుంటూ ఇంకా పొద్దుండగానే పని ముగించుకుంది.