వెనక పేజీ కోసం హిందూపురం నుంచి ధర్మవరం దాకా

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రోజులో చుట్టి రావచ్చా అని ఈ బ్లాగు చదివేవాళ్లు తరచుగా అడుగుతుంటారు. రావచ్చు. పోయిన నవంబరులో ఒక శనివారం నేను ఆ పనే చేశాను. కాకపోతే ఊళ్లు చూడ్డానికి వెళ్లలేదు. నేను చేసిన ఒక తప్పు నాకంటే ముందే బయల్దేరి వెళ్లిపోతే, దాన్ని పట్టుకోవడానికి వెళ్లాను. కాబట్టి బస్సులూ వేళలూ చెబుతాను గానీ, ఎక్కడ ఏం తిన్నానో ఈసారి అడగొద్దు. నా రాతల్లో ఊరికంటే ఇడ్లీలే ఎక్కువ ఉంటాయని ఎగతాళి చేసే స్నేహితులకు ఇదొక శుభవార్త.

నేను హిందూపురంలో ఒక బడిలో తెలుగు పాఠాలు చెబుతాను. మా యాజమాన్యానికి ఈ మూడు ఊళ్లలోనూ ఒక్కో బడి ఉంది. పరుగు పందెంలో గెలిచినవాళ్లు, వక్తృత్వంలో బహుమతి తెచ్చుకున్నవాళ్లు, సైన్సు ప్రదర్శనకు వెళ్లొచ్చినవాళ్లు, అందరి పేర్లూ ఫోటోలూ వేసి రెండు నెలలకోసారి ఎనిమిది పేజీల చిన్న పత్రిక అచ్చు వేస్తాం. దాన్ని తయారుచేసే పని నాది. ఒక పిల్ల పేరు అచ్చులో పడితే ఆ ఇంట్లో ఎంత సందడో నాకు తెలుసు. ఆ సందడంటే నాకు కొంచెం మోజు ఎక్కువేనని ఒప్పుకుంటాను.

ఈసారి మూడు బడులకూ కలిపి పెట్టిన చిత్రలేఖనం పోటీలో మొదటి బహుమతి ధర్మవరం తొమ్మిదో తరగతి పిల్లకు వచ్చింది. ఇక్కడ ఆమెను శ్రావణి అంటాను. అందరి పేర్లూ మార్చాను. గళ్ల కాగితం మీద ఆ పిల్ల ఒక పట్టుచీర అంచు గీసింది. అందరూ గీసే నెమళ్లూ మామిడి పిందెలూ కావు. ఏం గీసిందో మాత్రం రాయను. ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది. డ్రాయింగు చెప్పే ఖాజా సార్ దూరం నుంచి తీసి పంపిన ఫోటో మసకగా ఉందని నాకు నచ్చలేదు. ఆయన సెలవులో ఉంటే క్లాసు టీచరుకు ఫోన్ చేసి, దగ్గరగా, గళ్లతో సహా కనిపించేలా ఇంకోటి తీయించుకుని వెనక పేజీ నిండా రంగుల్లో వేశాను. శుక్రవారం సాయంత్రం కట్టలు మూడు ఊళ్లకూ చేరాయి.

శనివారం తెల్లవారి ఆరు కాకముందే ఖాజా సార్ ఫోన్ చేశారు. కట్టలోంచి ఒక ప్రతి రాత్రే ఇంటికి తీసుకెళ్లి చూశారట. పలకరింపులేమీ లేవు. "మేడమ్, వెనక పేజీలో గళ్లు లెక్కబెట్టుకునేట్ల కనపడతాండాయి. ఈ ఊర్లో దాన్ని బొమ్మ అనుకోరు" అన్నారు. నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పారు. గళ్ల కాగితం మీద ఒక్కో గడీ మగ్గం మీద ఒక్కో పోగుకు లెక్క. తెలిసినవాళ్లు ఆ గళ్లు చూసి, మగ్గానికి తగిలించే అట్టలకు రంధ్రాలు కొట్టించుకుంటే, ఆ అంచే వారం తిరక్కుండా ఇంకో మగ్గం మీదికి ఎక్కుతుంది. శ్రావణి వాళ్ల నాయన నాగరాజు చేనేత పనిచేస్తాడు. కూతురు గీసిన ఆ అంచును అతను ఇప్పుడే నేస్తున్నాడు. మూడు చీరలు దిగేదాకా ఎవరి కంటా పడకూడదన్న షరతు మీద ఒక షావుకారు ఇచ్చిన పని అది. బయటపడితే షావుకారు ఆ చీరలు తీసుకోడు. ఆ పిల్ల పోటీలో అదే గీసిన సంగతి నాయనకు తెలియదట. ఖాజా సార్ దూరం నుంచి ఫోటో తీసింది అందుకేనట.

మంచి ఫోటో కావాలని పట్టుబట్టింది నేను. తరవాత వరసగా ఫోన్లు చేశాను. వాట్సాప్‌లో సోమవారం పెడదామనుకున్నాం కనుక ఆ గండం లేదు. హిందూపురం కట్ట ఆఫీసు బీరువాలోనే ఉంది. ధర్మవరం కట్ట మధ్యాహ్నం పన్నెండున్నర సభలో పంచాలి, తాళం వేసి ఉంచుతామన్నారు. పెనుకొండలో మాత్రం ఆరో తరగతి పిల్లలు ముప్పై ముగ్గురికి నిన్న సాయంత్రమే పంచేశారు, మిగతావి ఇంకా కట్టలోనే ఉన్నాయి. ఇవాళ వెనక్కి తెప్పిస్తామని ప్రధానోపాధ్యాయిని అంటే, నేనే వస్తున్నానని చెప్పాను.

హిందూపురం ఆర్టీసీ బస్టాండులో ఆరున్నర దాటితే అనంతపురం వైపు బస్సులు వెంటవెంటనే దొరుకుతాయి. సోమందేపల్లి మీదుగా పెనుకొండకు గంట ప్రయాణం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ లేదు, మగవాళ్లకు అరవై లోపే. కుడి పక్క కిటికీ దగ్గర సీటు దొరికింది. కొండల వెనక నుంచి ఎండ మెల్లగా చేలలోకి దిగుతోంది. మామూలు రోజైతే దాని మీదే ఒక పేరా రాసేదాన్ని. సోమందేపల్లిలో బస్సు ఆగినప్పుడు నా చూపంతా రోడ్డు పక్క సందుల మీదే ఉంది. అక్కడా మగ్గాలున్నాయి. పెనుకొండ బడికి బస్సులో వెళ్లే పిల్లల్లో చాలామంది ఆ సందుల నుంచే వస్తారు.

పెనుకొండలో దిగేసరికి ఎనిమిది కావస్తోంది. బడి తెరవడానికి ఇంకా గంట ఉంది. కోట, గగన్ మహల్ చూడాలనుకునేవాళ్లకు చల్లగా నడిచేందుకు అదే మంచి వేళ. నేను బస్టాండు ఎదురుగా ఒక హోటల్లో కూర్చుని బొరుగుల ఉగ్గాని, బజ్జీ చెప్పాను. ప్లేటు ముందు పెట్టుకుని ఫోన్ చూస్తూ ఉండిపోయాను. పొయ్యి దగ్గరున్న ఆమె కాసేపు గమనించి వచ్చి, బాగాలేదా అని అడిగింది. బాగుంది, నాకే మనసు బాగాలేదన్నాను. "తినకుంటే దిగులు తగ్గుతాదా మేడమ్? పొట్ట కూడా దాంతో కలిసి ఏడుస్తాది, అంతే" అంది. నాలుగు ముద్దలు మింగి, నలభై రూపాయలిచ్చి లేచాను.

బడిలో పదిన్నరకల్లా ముప్పై రెండు ప్రతులు నా చేతికొచ్చాయి. కొన్నింటికి అట్టలు కూడా వేసుకున్నారు పిల్లలు. ఒక పాప తన ఫోటో చుట్టూ స్కెచ్ పెన్నుతో పూలు గీసుకుంది. మళ్లీ ఇస్తాం కదా మేడమ్ అని అడుగుతుంటే, ఇస్తామని ఒక్కొక్కరికీ చెబుతూ సంచిలో వేసుకున్నాను. ముప్పై మూడోది రాలేదు. పరుగు పందెంలో రెండో బహుమతి వచ్చిన పాపది అది. వాళ్లది సోమందేపల్లి. ఇంటిల్లిపాదీ పెళ్లికని రాత్రే గోరంట్ల వెళ్లారట. వాళ్లమ్మకు నాలుగుసార్లు ఫోన్ చేశాం, ఎత్తలేదు.

ప్రధానోపాధ్యాయిని మంచి మనిషి, నా మొహం చూసి జాలిపడింది. "పేజీ కోసేస్తే అయిపోతాది. ఆ మగ్గం ఆయప్పకు చెప్పాల్సిన పనేముంది? తెలీకుంటే బాధే ఉండదు కదా" అంది. నిజం చెబుతున్నాను, ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. ధర్మవరం కట్టలో పేజీ కోసేసి, సభలో ఆ పిల్లకు బహుమతి ఇప్పించి, సాయంత్రానికి ఇంటికొచ్చి పడుకోవచ్చు.

పెనుకొండ నుంచి ధర్మవరానికి రైలూ ఉంది, బస్సూ ఉంది. రైలు చవక, హాయి, కానీ స్టేషను ఊరికి కొంచెం దూరం, వేళ కలవాలి. నాకు కలవలేదు. హైవే మీద ఎన్.ఎస్. గేట్ దాకా ఒక బస్సు, అక్కడ మారి ఇంకో బస్సు. గంటంపావు పట్టింది. ఆ గంటంపావూ నాలో నేనే వాదించుకున్నాను. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాకపోవచ్చు. ఆ ముప్పై మూడో ప్రతి ఎవరి చేతిలోనైనా పడితే? అప్పుడు షావుకారు ముందు నాగరాజు ఏమీ తెలియనివాడిలా నిలబడాలి. తన ఇంట్లో నుంచే బయటికి పోయిందని అతనికి ఎవరో చెప్పాలి. చెప్పేది కూతురే కావచ్చు.

ధర్మవరం బస్టాండు నుంచి బడికి ఆటో ఎనభై అడిగారు, అరవైకి ఒప్పుకున్నారు. నా సంచి చూసి, చీరలకు వచ్చినారా అని డ్రైవరు మాట కలిపాడు. కాదన్నా వదల్లేదు. అతని బావమరిదికి నాలుగు మగ్గాలున్నాయట. "మీకు యాడన్నా ఒక అంచు నచ్చిందనుకోండి, ఫోటో ఉంటే చాలు మేడమ్. పదైదు దినాల్లో నేసి ఇప్పిస్తా" అన్నాడు. పాపం, అతను వ్యాపారం చేసుకుంటున్నాడు. నేను సంచిని ఒళ్లోకి లాక్కుని రెండు చేతులతో పట్టుకున్నాను.

ఆఫీసు గదిలో తలుపు వేసుకుని ఖాజా సార్, నేను చెరొక బ్లేడు పట్టుకుని వెనక పేజీ కోయడం మొదలుపెట్టాం. రెండు వందల పైచిలుకు ప్రతులు. బయట సభ మొదలైంది. మైకులో పేర్లు పిలుస్తుంటే చప్పట్లు వినిపిస్తున్నాయి. శ్రావణి పేరు పిలిచినప్పుడు నేను కిటికీ దగ్గరికి వెళ్లాను. సన్నగా, రెండు జడలతో, తల వంచుకుని వేదిక ఎక్కింది. బొమ్మ చూపించమని వెనక వరసల పిల్లలు అరిచారు. తరవాత చూద్దాంలే అని సర్దిచెప్పారు. ఆ పిల్ల ప్రశంసాపత్రం తీసుకుని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో దాచుకుని దిగింది. ఉదయమే ఖాజా సార్ ఆమెకు సంగతి చెప్పారట. ఆమె గీసినదాన్ని అందరికీ చూపించి మెప్పించాలని నేను పడ్డ తాపత్రయం వల్ల, తన పండుగ రోజున ఆ పిల్ల దొంగలా నడిచింది. నాకు నిజంగా సిగ్గేసింది.

అప్పుడే ఖాజా సార్‌తో, నాగరాజు గారికి నేనే చెబుతానన్నాను. ఆయన బండి తాళాలు తీశారు. శ్రావణి వాళ్ల ఇల్లు బడికి రెండు వీధుల అవతలే. మేం చేరేసరికి తనూ నడిచి వచ్చేసింది. ముందుగదంతా మగ్గమే. నేసిన మేర మీద పాత పంచె కప్పి ఉంది. నాగరాజు మగ్గం గుంతలోంచి కాళ్లు బయటికి తీసి, లేచి, కూర్చోండి మేడమ్ అని చాప వేశాడు. శ్రావణి గుమ్మంలోనే నిలబడిపోయింది.

నేను సంచిలోంచి ఒక ప్రతి తీసి, వెనక పేజీ పైకి పెట్టి అతని చేతికిచ్చాను. గీసింది మీ అమ్మాయే గానీ ఇంత దగ్గరగా ఫోటో తీయించిందీ, వేసిందీ నేనని, తప్పు నాదేనని చెప్పాను. అతను గోటితో గళ్లు లెక్కపెడుతూ పేజీ చివరిదాకా వెళ్లాడు. లెక్క సరిగ్గానే ఉన్నట్టుంది. అప్పుడు తలెత్తి, "ఎంతమంది చూసినారు?" అని అడిగాడు. ఒక్క ప్రతి తప్ప అన్నీ దొరికాయని చెబుతుండగానే నా ఫోన్ మోగింది. గోరంట్ల పెళ్లిలో ఉన్న పాప తల్లి. వెనక సన్నాయి వినిపిస్తోంది. పత్రిక గురించే ఫోన్ చేశారా మేడమ్ అని సంతోషంగా అడిగింది. "మా పాప పేరు వచ్చిందని పెళ్లికి తీస్కొచ్చినాం. పొద్దున్నుంచి చేతులు మారతానే ఉండాది. అందరూ చూసి మెచ్చుకుంటాండారు" అంది.

పత్రిక చేయాల్సిన పని అదే, చక్కగా చేసింది. దాన్ని లోపల పెట్టించమని ఆమెను బతిమాలి, ఫోన్ పెట్టేసి, విన్నది విన్నట్టు నాగరాజుకు చెప్పాను. దాచడానికి మనసు రాలేదు. అతను అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండునని కూడా అనిపించింది. మగ్గం మీది పంచె అంచు సర్ది, "చెప్పినారు, అది చాలు మేడమ్. షావుకారికి నేనే చెప్పుకుంటా. తీసుకుంటాడో లేదో ఆయన ఇష్టం" అన్నాడు. తరవాత గుమ్మం వైపు తిరిగి, "ఇంకొకటి గీస్తావా నాయనా?" అని కూతుర్ని అడిగాడు. ఆ గొంతులో కోపం లేదు.

శ్రావణి మొదటిసారి తలెత్తింది. నా వైపు కాదు, నాయన వైపే చూస్తూ చెప్పింది.

"గీస్తా నాయనా. ఈసారి బడికి తీస్కపోనులే."

బెంగళూరు వైపు వెళ్లే సాయంత్రం రైల్లో హిందూపురానికి గంటన్నరకు పైగా ప్రయాణం. టికెట్ యాభై లోపే, జనరల్ పెట్టెలో సీటు సులభంగానే దొరికింది. దారి పొడవునా ఆ ఒక్క మాటే వినిపిస్తూ ఉంది. పద్దెనిమిదేళ్లుగా పిల్లల్ని, తెచ్చి చూపించండి, అందరికీ చూపిద్దాం అని పిలుస్తున్నదాన్ని. ఇలా అనే పిల్ల నాకు ఎప్పుడూ తగల్లేదు. షావుకారు ఆ మూడు చీరలూ అనుకున్నదానికంటే తక్కువకు తీసుకున్నాడని తరవాత ఖాజా సార్ చెప్పారు. ఇప్పుడు ప్రతి పేజీనీ అచ్చుకు ముందు పిల్లకూ ఇంట్లోవాళ్లకూ చూపించి, సరే అన్నాకే వేస్తున్నాం. శ్రావణి కొత్తగా గీసింది ఏమిటో నాకు తెలియదు. నేను అడగలేదు.

ధర్మవరం వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మగ్గాలు చూడ్డానికి ఏ ఇంటికైనా వెళితే గడప బయటే ఫోన్ సంచిలో పెట్టేయండి. మగ్గం మీద బట్ట కప్పి ఉంటే, అదేమిటని అడగొద్దు. తీసి చూపించాలనిపిస్తే వాళ్లే చూపిస్తారు.